జల్లించని బూడిద

ఖాదరు కన్ను పోవడానికి కారణం నేను. శిక్ష పడింది అతని బావ మస్తానుకు. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు ఒక జీవితం పట్టింది.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేకనే ఇన్నేళ్లు మోశాను.

అరవైల మొదట్లో బిట్రగుంట లోకోషెడ్డులో నేను ఇంజన్లు తుడిచే క్లీనర్ని. రైల్వే కాలనీ పక్కన షెడ్డు జట్టు ఫుట్‌బాల్ గ్రౌండు ఉండేది. ఏళ్ల తరబడి జట్టుకు అదే సొంత ఇల్లు. నీళ్లు నిలిచే పల్లపు నేల. ఇంజన్ల బూడిద పోసి పోసి మెరక చేశారు. గోలుకంబాలు పాత బాయిలరు గొట్టాలు. బెంచీలు పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్కలు. వాటి మీద కూర్చునేది ఆఫీసర్లు, వాళ్ల కుటుంబాలు. మేము చుట్టూ కట్టిన తాడు బయట నిలబడాలి. పత్రికలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ని నేను. ఆ తాడు చూస్తే ఒళ్లు మండేది. ఒకసారి బెంచీ చివర కూర్చుంటే అందరి ముందూ లేపేశారు. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు. ఆరాలని కూడా నాకు లేదు.

వాన పడితే గోలు ముందు బురద మీద బూడిద పరిచేవారు. ముందు జల్లెడ పట్టాలి. అందులో కరిగి గడ్డకట్టిన బొగ్గు పెళ్లలుంటాయి, గాజుపెంకుల్లా కోస్తాయి. ఆ పని గ్రౌండు చూసుకునే మస్తానుది. పోటీకి ముందురోజు, తల్లికి జ్వరమని అతనికి కావలి నుంచి కబురొచ్చింది.

"అన్నా, ఈ పూట నువ్వు జల్లించి పొయ్యి. గోలు కాడ నిలబడేది మా ఖాదరు. వాడికి ఒంటి మీద భయం లేదు, బాలు కనపడితే బోర్లా పడతాడు. వాడికి గీరుకుందంటే మా ఇంటిది నాకు కూడెయ్యదు."

"పో పో, నీ పెండ్లాం భయం నాకెందుకు? నేను జూసుకుంటాలే" అన్నాను.

కాసేపు జల్లించాను. ముక్కు నిండా బూడిద. ఎవరి కోసం ఇదంతా? నన్ను కూర్చోనివ్వని గ్రౌండు కోసమా? మిగతాది అలాగే కుమ్మరించి, పైన మెత్తటి బూడిద చల్లి వచ్చేశాను. ఆ బెంచీల మీద పగ తీర్చుకున్నాననుకున్నాను. కూర్చునేది వాళ్లు, కింద పడేది మావాళ్లు. అంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు? తట్టలేదా, తట్టినా పక్కకు నెట్టానా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, పూటకొక జవాబు వస్తుంది, ఒక్కటీ నమ్మబుద్ధి కాదు.

ఆట మొదటి సగంలోనే ఖాదరు బంతి మీదికి దూకాడు. లేచేసరికి ముఖం మీద చెయ్యి, వేళ్ల సందున నెత్తురు. త్వరలో ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ కావలసినవాడు. ఒక కన్ను లేనివాణ్ని ఇంజనెక్కనివ్వరు.

మర్నాడు ఫోర్‌మన్ మా ఇద్దరినీ పిలిచాడు.

"బూడిద పోసింది నువ్వేనంట?" అని నన్ను అడిగాడు.

"నేనా పక్కకే పోలేదు సార్."

మస్తాను నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "అన్నా, నా మొకం జూసి చెప్పు ఆ మాట."

నేను గోడ వంక చూశాను.

"నాలుగక్షరాలు చదువుకున్నోడు, వీడికి అబద్ధమాడే ఖర్మేంది?" అన్నాడు ఫోర్‌మన్. నా చదువును ఆ షెడ్డులో ఒకరు ఒప్పుకున్నది ఆ ఒక్కసారే. మస్తాను పని పోయింది. కావలి వెళ్లి బండి తోలుకుంటున్నాడని విన్నాను. వినీ కదల్లేదు. అతని భార్యకు ఖాదరు ఒక్కడే తమ్ముడని తెలిసి కూడా కదల్లేదు.

ఆవిరి ఇంజన్లు పోయాయి. బూడిద పోసేవాళ్లు లేక గ్రౌండు మళ్లీ పల్లమై నీళ్లు పట్టింది.

మొన్న ఎండాకాలం మస్తానును వెతుక్కుంటూ కావలి వెళ్లాను. గడప దగ్గరే నిలబడి అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను, కొట్టినా బాగుండుననుకున్నాను. చెప్పాక నా గుండె తేలికైంది. అది తేలిక కావడమే సిగ్గనిపించింది. అతను అన్నాడు:

"నాకెందుకన్నా చెప్తుండావు? నేను చెయ్యలేదని నాకు తెలుసు గదా. మా ఇంటిదానికి చెప్పుండాల్సింది. నేనెంత చెప్పినా నమ్మలా. తమ్ముడి కన్ను తీసింది తన మొగుడేననుకుంటానే పోయింది, పోయిన రంజానుకు ముందు."