బకెట్ మేస్త్రి, కాగితం మీద కాలువ

బకెట్ మేస్త్రి అంటే మా వార్డులో తెలియనివాళ్లు లేరు. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, దానితో వాళ్లక్కకు తప్ప ఎవరికీ పని పడలేదు. నేల పనిలో దిట్ట. రాయి పరిచినా, పలకలు అంటించినా, ఉత్త సిమెంటు పూసినా, ముందుగా ఒక బకెట్ నీళ్లు ఆ చోట కుమ్మరించి, పక్కన గొంతుక్కూర్చుని, అవి ఎటు పోతాయో చూస్తాడు. పని అయ్యాక ఇంకో బకెట్. నీళ్లు ఎక్కడైనా నిలబడ్డాయా, ఎటు పోకూడదో అటు పోయాయా, ఇంటివాళ్లు బాగానే ఉంది పొమ్మన్నా వినడు. అక్కడి పలకలు పీకి మళ్లీ వేస్తాడు. మా స్నానాలగది నేల వేసినప్పుడు మూడు రోజులు బకెట్లు కుమ్మరిస్తూనే ఉన్నాడు. నేల వేయడానికి వచ్చాడా, నేలకి స్నానం చేయించడానికి వచ్చాడా అని మా ఆవిడ విసుక్కుంది. పన్నెండేళ్లయింది. ఆ గదిలో ఈరోజుకీ చుక్క నిలవదు.

నేను పురపాలక కార్యాలయంలో గుమస్తాని. మేస్త్రి సంగతి చెబుతూ మధ్యలో నేను దూరడం నాకే ఇష్టం లేదు. కానీ దూరక తప్పదు, ఎందుకో మీకే తెలుస్తుంది.

మేస్త్రి వాళ్లక్క ఇస్త్రీ చేస్తుంది. ఆమె ఇల్లు గుంట మైదానం అంచున, దారి కంటే ఒక మెట్టు దిగువన ఉంది. ముందుగది నిండా జనం బట్టల మూటలు, మూటకో రంగు గుడ్డపేలిక గుర్తు. నా తెల్లచొక్కాలకి ఆకుపచ్చ పేలిక. బొగ్గుల పెట్టె ఊదుకుంటూ, వచ్చినవాళ్ల యోగక్షేమాలు కనుక్కుంటూ, చొక్కా కాలరు చూసి ఆ మనిషి వారమంతా ఎంత కంగారుపడ్డాడో చెప్పేస్తుంది. ఆ గది తడిస్తే ఆమె జీవనం తడిసినట్టే. ఊరి బట్టలు పాడుచేసిన మనిషికి మళ్లీ మూట ఎవరిస్తారు?

ఇక గుంట మైదానం. పేరుకి మైదానం గానీ, ఎగువ నాలుగు వీధుల వాననీళ్లూ వచ్చి చేరే పల్లం అది. రెండు రోజులు మోకాలి లోతు నిలిచి, మూడో రోజుకి నేలలోకి ఇంకిపోయేవి. చుట్టూ ఏడు చెట్లు. ఒకప్పుడు ఎగువ వీధుల్లో కూడా మట్టి ఉండేది, నీళ్లు అక్కడక్కడే సగం ఇంకేవి. తర్వాత ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సిమెంటు పోశాం. ఇప్పుడు ఆ వీధుల్లో చీమ పుట్ట పెట్టాలన్నా చోటు లేదు. వేసవిలో పొద్దుగూకాక కూడా గోడలు సెగలు కక్కుతాయి. వాన వస్తే నెల వాన గంటలో వస్తుంది, వచ్చిందంతా ఒక్కసారే కిందికి దూకుతుంది. రెండేళ్ల కిందటి వానకి నీళ్లు అక్క గడప దాకా వచ్చి ఆగాయి. ఆపింది మా కార్యాలయం కాదు, ఆ గుంటే.

అలాంటి గుంట మీద మావాళ్ల కన్ను పడింది. మారుతున్న వాతావరణాన్ని నగరం ఎలా ఎదుర్కోవాలో చెప్పే పథకం ఒకటి పైనుంచి వచ్చింది. మంచి పథకమే, చదివాను. నీళ్లు ఇంకనివ్వండి, నీడ పెంచండి, పల్లాలు కాపాడండి అని రాసి ఉంది. అది చదివి మావాళ్లు చేసిందేమిటంటే, 'చల్లని ఉద్యానవనం' అని ఒక పేరు పెట్టి, ఏడు చెట్లలో ఐదు కొట్టి, గుంటని ఇళ్లు కూల్చిన రద్దుతో పూడ్చి, పైన కాంక్రీటు, దానిపైన నున్నటి పలకలు. మధ్యలో నీడ కోసం ఇనుప చెట్టు. దానికి ఆకులు ఉండవు, దీపాలుంటాయి. ఎవడి బుర్రలో పుట్టిందో గానీ, ఆ బుర్ర మీద కూడా సిమెంటు పోసి ఉంటారని నా అనుమానం.

పలకలు పరిచే పనికి గుత్తేదారు బకెట్ మేస్త్రినే పిలిచాడు. మేస్త్రి వచ్చి ఒక మూల పరిచి అలవాటు ప్రకారం బకెట్ కుమ్మరించాడు. నీళ్లు నెమ్మదిగా పాకుతూ తిన్నగా వాళ్లక్క ఇంటివైపు వెళ్లాయి. వంపు ఇటెందుకు పెట్టారని ఇంజనీరుని అడిగాడు. ఇంజనీరు పటం విప్పి, అక్క ఇంటి పక్కనే పోతున్న నీలం గీత చూపించాడు. అది వాననీటి కాలువట, ఎప్పుడో పూర్తయిందట, నీళ్లన్నీ అందులోకి పోతాయట. మేస్త్రి ఆ గీత ఉండాల్సిన చోటికి వెళ్లి చూశాడు. అక్కడ వాళ్లక్క బట్టలారేసే తీగ ఉంది. కాలువ లేదు.

అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. ఫైలు తీశాం. 'కాలువ పూర్తయింది, చోటుకి వెళ్లి చూడడమైనది' అని ఉంది. కింద ఒక పొట్టి సంతకం. తోక కొంచెం పైకి లేచి ఉంటుంది, ఎక్కడున్నా గుర్తుపడతాను.

"ఇది మీ సంతకమేనా సార్?"

అవునన్నాను.

"కాలువని చూశారా?"

ఆ రోజు బాగా గుర్తుంది. వడగాడ్పులు, తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. వెళ్లి చూసి రమ్మన్నారు, నేను ఫ్యాను కింద నుంచి లేవకుండానే చూశానని సంతకం పెట్టేశాను.

"అప్పుడు ఎండ మరీ ఎక్కువగా ఉంది మేస్త్రీ," అన్నాను.

అతను నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఆ ఎండ తగ్గాలనే కదా సార్ ఈ పార్కు," అని లేచి వెళ్లిపోయాడు.

అక్క పేరు మీద అర్జీ పెట్టారు. పదిహేను రోజులకి జవాబు వచ్చింది. రికార్డుల ప్రకారం సదరు కాలువ సక్రమంగా పనిచేస్తున్నది కావున అర్జీదారు భయపడనవసరం లేదు. రికార్డు అంటే ఏమిటనుకున్నారు? నా పొట్టి సంతకమే. లేని కాలువ సక్రమంగా పనిచేస్తోందని అచ్చుకొట్టి ముద్ర వేసి పంపడానికి మా కార్యాలయంలో నలుగురి చేతులు కదిలాయి. ఒక్కరి కాళ్లూ కదల్లేదు. అక్క ఇల్లు కార్యాలయానికి ఏడు నిమిషాల నడక. ఆ జవాబు చదివి నాకు ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం, మొదటి అబద్ధం నాదేనాయె.

మేస్త్రి పని మానేయలేదు. తను మానితే ఇంకొకడు వచ్చి బకెట్ కూడా కుమ్మరించకుండా పరిచేస్తాడని అతని భయం. సగం పార్కు పూర్తయ్యేసరికి పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని తెలిసింది. ముందురోజు సాయంత్రం నా చొక్కాలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు అక్కాతమ్ముళ్లిద్దరూ గడప మీద కూర్చుని ఉన్నారు. మొక్కలకి నీళ్లు తెచ్చే ట్యాంకరుని రేపు అధికారి ఎదుటే పలకల మీద వదిలేద్దామని మేస్త్రి ఆలోచన. కానీ ఆ మాట అక్కతో అనలేక తల గోక్కుంటున్నాడు.

"నీ ఇంట్లోకే వస్తాయక్కా," అన్నాడు చివరికి.

"రానీరా," అంది ఆమె. "వానకి వస్తే నేనొక్కదాన్నే చూస్తాను. రేపు వస్తే వాళ్లూ చూస్తారు."

ఆ సాయంత్రమే మూటలన్నీ మంచం మీదికీ అటక మీదికీ ఎక్కించింది. నేనూ రెండు మూటలు అందించాను. చేసిన పాపంలో అది ఎన్నో వంతు తగ్గించిందో తెలియదు.

మర్నాడు పెద్ద అధికారి, ఇంజనీరు, గుత్తేదారు, ఫైలు మోసుకుంటూ నేను. చల్లని ఉద్యానవనంలో పది నిమిషాలు నిలబడేసరికి అందరికీ మాడు పగిలిపోయింది. ఇనుప చెట్టుని ముట్టుకుని ఇంజనీరు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నీడ కావాలంటే ఎక్కడికి వెళ్లాలి? అక్క ముందుగదిలోకి. ఆమె కుర్చీలు తుడిచి వేసింది, తాగడానికి చల్లటి నీళ్లిచ్చింది. నీడ గురించి అధికారి మాట్లాడుతుండగా మేస్త్రి బయట ట్యాంకరు గొట్టం వదిలాడు.

నీళ్లు పలకల మీద తళతళలాడుతూ వచ్చాయి. గడప దాటాయి. అధికారి మొదట బూట్లు కుర్చీ కర్ర మీదికి ఎత్తాడు, తర్వాత మోకాళ్లే ఎత్తాడు. నా కాళ్లు ఎత్తడానికి కుర్చీ లేదు.

అప్పుడాయన ఇచ్చిన ఆదేశం విన్నారంటే మీక్కూడా ఒళ్లు మండుతుంది. ఈమె గడప ఒక అడుగు ఎత్తు కట్టించమన్నాడు.

"నా గడప ఎత్తితే నీళ్లు పక్కింట్లోకి పోతాయి సార్," అంది అక్క. గొంతు కూడా పెంచలేదు. "ఆమెదీ ఎత్తుతారా? ఊరందరి గడపలూ ఎత్తేకంటే ఆ పలకలు తీస్తే అయిపోదా?"

అధికారి ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు ఫైలు వైపు చూశాడు. ఫైలు నా చంకలో ఉంది కాబట్టి అందరూ నావైపు చూశారు. అక్క మాత్రం అటక మీది ఆకుపచ్చ పేలిక మూటని ఇంకాస్త లోపలికి తోస్తోంది.

"ఆ కాలువ లేదు సార్," అన్నాను. "నేను వెళ్లి చూడలేదు. చూశానని సంతకం పెట్టాను."

ఉన్నట్టు పైకి రాసేశాక ఇప్పుడు లేదంటే ఎలాగయ్యా అన్నాడు అధికారి. ఆయన బాధంతా అదీ. కాలువ లేకపోవడం కాదు, లేదని ఒకడు పైకి అనడం. బూట్లు దులుపుకుని కారెక్కాడు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి సుత్తీ గునపం పట్టుకుని, అక్క ఇంటి ముందు ఆరడుగుల వెడల్పున, మిగిలిన రెండు చెట్ల మధ్య పొడవునా, తను పరిచిన పలకలు తనే పీకడం మొదలుపెట్టాడు. కాంక్రీటు పగలగొట్టాడు, రద్దు తోడి పోశాడు. నాలుగో రోజుకి నడుము లోతున అసలు మట్టి కనిపించింది. గుత్తేదారు వచ్చి ఎగిరిపడ్డాడు.

"వంపు తప్పింది," అన్నాడు మేస్త్రి. "తప్పు పని నా చేతి మీద ఉండనివ్వను. మీ ఇంట్లో అయినా ఇలాగే పీకేవాణ్ణి కదండీ."

మట్టి మీద బకెట్ కుమ్మరించి గొంతుక్కూర్చున్నాడు. నీళ్లు కాసేపు ఆలోచించి లోపలికి వెళ్లిపోయాయి.

ప్రభుత్వ ఆస్తి ధ్వంసం చేశావని అతనికి నోటీసు వచ్చింది. నాకూ ఒకటి వచ్చింది. చూడకుండా సంతకం పెట్టినందుకు అనుకునేరు. రికార్డులకి విరుద్ధంగా అధికారుల సమక్షంలో మాట్లాడినందుకు సంజాయిషీ అడిగారు. రెండుసార్లు చదివి, మా ఆవిడకి వినిపించాను. మొదటి సంతకానికి సిగ్గుపడు, దీనికి కాదు అంది. జవాబులో కాలువ లేదనే మళ్లీ రాశాను. ఈసారి పూర్తి సంతకం పెట్టాను.

మట్టి బయటపడిన పన్నెండో రోజున వాన వచ్చింది. గంటసేపు, మనిషికి మనిషి కనపడనంత వాన. గొడుగు వేసుకుని పరిగెత్తాను. ఎగువ వీధుల నీళ్లు పలకల మీద జారుకుంటూ వచ్చి మేస్త్రి తవ్విన గాడిలో పడుతున్నాయి. గాడి నిండింది. నీళ్లు గాడి అంచు దాటి గడప వైపు లేచాయి. అక్క గడప మీద బొటనవేలు ఆనించి నిలబడి చూస్తోంది, మేస్త్రి పక్కన గొంతుక్కూర్చున్నాడు. గడపకి రెండు వేళ్ల కింద ఆగి, అక్కడే కాసేపు ఊగి, తగ్గడం మొదలుపెట్టాయి. అప్పుడు గానీ అక్క లోపలికి వెళ్లి బొగ్గుల పెట్టె ఊదలేదు.

విచారణ వచ్చే వారం, ఈసారి ఇక్కడికే వచ్చి చేస్తారట. గాడిని పూడ్పించాలా వద్దా అన్నది అందులోనే తేలుస్తారట. పార్కు బోర్డు మీద 'వాననీటి కాలువ: పూర్తయినది' అని ఇంకా అలాగే ఉంది. నా చొక్కా మడత పెడుతూ అక్క విచారణ ఏ రోజని అడిగింది. ఎందుకన్నాను.

"కుర్చీలు వేయాలి కదా సార్," అంది. "తమ్ముడు ట్యాంకరువాడితో కూడా మాట్లాడి ఉంచుతాడు."