బొంతపల్లి మొక్కు, నా ఎడమ ఊపిరితిత్తి

ఆ రోజు దుకాణంలో కందిపప్పు తూస్తుండగా దగ్గు తెర వచ్చింది. చేతిరుమాలు చూసుకుంటే రక్తపు చార. ఎదురుగా గిరాకీ ఉంది. రుమాలు జేబులో కుక్కుకుని తూకం పూర్తి చేశాను. నాకప్పుడు ముప్పై నాలుగేళ్లు. పటాన్‌చెరులో మాది కిరాణా దుకాణం. బీడీ, సిగరెట్ ముట్టను.

దగ్గు మాత్రం కొత్తది కాదు. ప్రతి చలికాలం పట్టుకుని నెలల తరబడి వదలదు. పాశమైలారం వైపు నుంచి వచ్చే ఫ్యాక్టరీ వాసనే దీనికంతా కారణమని నా నమ్మకం. కిటికీలు బిగించాను. ఆ గాలికి దూరంగా కిష్టారెడ్డిపేటలో ఫ్లాటు వెతికాను. వాసన వచ్చినప్పుడల్లా ఇంట్లోవాళ్ల మీద అరిచాను. అసలే కుదురుగా కూర్చునే మనిషిని కాను.

రక్తం చూశాక టీబీ అనుకున్నాను. కఫం పరీక్ష, అదే స్పుటమ్ టెస్ట్, నెగెటివ్. సీటీ స్కాన్‌లో అసలు పేరు తేలింది, బ్రాంకియెక్టాసిస్. ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో గాలి గొట్టాలు సాగిపోయి, కఫం అక్కడే నిలిచిపోతోంది.

"గాలి మంచిగ లేదు, నిజమే. కానీ ఈ డ్యామేజ్ పాతది. చిన్నప్పుడు న్యుమోనియా వచ్చిందా?" అని స్కాన్ చూసిన డాక్టరమ్మ అడిగారు.

"ఏం రాలే మేడం," అన్నాను, అంతా తెలిసినట్టు.

ఇంటికొచ్చి అమ్మను అడిగాను. చెరుగుతున్న చేట పక్కన పెట్టింది.

"మరి ఏటేటా బొంతపల్లికి ఎందుకు పోతున్నమనుకున్నవ్ బిడ్డా?"

మూడేళ్లప్పుడు నాకు తట్టు పోసిందట, ఆ వెంటనే నిమ్ము, అదే న్యుమోనియా, చేసిందట. పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నానట. బతికితే ఏటా బొంతపల్లి గుడికి, వీరభద్రుడి దగ్గరికి తీసుకొస్తానని అమ్మ మొక్కుకుంది.

"గీ ముచ్చట నాకెందుకు చెప్పలే?"

"మొక్కు ఎందుకో పైకి చెప్తే రోగం మళ్లొస్తదని మీ నాయినమ్మ అన్నది. భయపడ్డ."

అమ్మ మీద మండిపోయాను. అన్నేళ్లు కొబ్బరికాయ కొట్టి, ఎందుకని ఒక్కసారీ అడగని నా మీద ఇంకా ఎక్కువ మండింది.

ఇన్‌హేలర్, యాంటీబయాటిక్స్ రాశారు. పొద్దునా సాయంత్రం ఇరవై నిమిషాలు చెస్ట్ ఫిజియోథెరపీ. పక్కకు తిరిగి పడుకుని కఫం బయటికి తెప్పించాలి. దుకాణం గుర్తొచ్చి ఐదు నిమిషాలకే లేచేవాణ్ణి. రెండు నెలల్లో జ్వరంతో మళ్లీ అడ్మిట్ అయ్యాను. "పోయిన భాగం తిరిగి రాదు. ఉన్నది కాపాడుకో," అన్నారు డాక్టరమ్మ.

నేను కోలుకున్నానో లేదో, మా నాలుగేళ్ల పాపకు నిమ్ము చేసింది. ఆరు రోజులు ఆసుపత్రిలో. తగ్గిందని ఇంటికి పంపారు గానీ నాకు కాలు నిలవలేదు. దాని వీపుకు చెవి ఆనించి వింటూ ఉండేవాణ్ణి. నాలాగే అవుతుందేమోనని ఒకటే భయం. అమ్మ మాత్రం పసుపు గుడ్డలో ముడుపు కట్టింది.

మొన్న అందరం బొంతపల్లి వెళ్లాం. "నాయినమ్మా, గిది ఎందుకు?" అని పాప ముడుపు పట్టుకుని అడిగింది. అమ్మ నా వైపు చూసింది.

"నీకు నిమ్ము చేసింది బిడ్డా. ఊపిరి ఆడలే. గందుకే మొక్కిన," అంది, చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేలా. "పెద్దయినంక డాక్టరు అడిగితే గిదే చెప్పు."

నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు.

పాప ఫాలో-అప్ ఎక్స్‌రే బాగానే ఉంది. అది దగ్గితే మాత్రం ఇప్పటికీ ఉలిక్కిపడతాను. నా ఇరవై నిమిషాల ఫిజియోథెరపీకి పాపే కాపలా, లేవబోతే భుజం పట్టి పడుకోబెడుతుంది.

మీ పిల్లలకు నిమ్ము, తట్టు, కోరింత దగ్గు వచ్చి ఉంటే ఏ వయసులో, ఎన్ని రోజులో రాసి టీకాల కార్డుతో పాటు దాచండి. పెద్దయ్యాక వాళ్ల చేతికివ్వండి. మొక్కు తీర్చుకోండి, తప్పు లేదు. ఎందుకు మొక్కారో మాత్రం వాళ్లకు చెప్పండి.