గుమాస్తా సకియుసా జబ్బు సెలవు

సకియుసా లకెంబా దీవి కచేరీలో గుమాస్తా. ఆ చుట్టుపక్కల దీవుల్లో పనిచేసిన ప్రతి దొర సెలవు అర్జీ, ప్రయాణ భత్యం లెక్క అతని చేతిరాతతోనే రాజధాని సువాకు వెళ్ళేవి. ఒక దొరసాని పియానోకు కూడా పడవ ఛార్జీ మంజూరు చేయించిన ఘనుడు. అలాంటివాడికి ఊపిరితిత్తులు చెడి, తన సెలవు తానే రాసుకోవలసి వచ్చింది.

సెలవు వచ్చింది. సువా ఆసుపత్రికి వెళ్ళడానికి ప్రభుత్వ పడవలో చోటూ దొరికింది, కానీ ఒక్కడికే. దొరలకైతే భార్యకూ భత్యం ఉంటుంది, దీవుల గుమాస్తాకు ఉండదు. పియానోకున్న పాటి యోగం అతని భార్య విలిమైనాకు లేకపోయింది.

"ఇంకోసారి అడిగి చూడండి," అంది విలిమైనా, ఉడికిన కర్రపెండలం కొబ్బరిపాలలో చిదిమి అతని నోటికి అందిస్తూ.

"నిబంధన ఒప్పుకోదే. ఎంతమందికో కుదరదని నేనే రాశాను. ఇప్పుడు నా పెళ్ళానికని ఏ మొహం పెట్టుకుని అడగను?"

పైకి అలా అన్నాడే గాని, ముక్కూ మొహం తెలియని వాళ్ళ మధ్య ఒంటరిగా పడి ఉండాలంటే అతనికి ప్రాణం విలవిల్లాడింది.

పడవ కెప్టెన్ మనాసా అతనికి తౌవూ. అంటే వాళ్ళిద్దరి ఊళ్ళకూ మూలదేవుడు ఒక్కడే. తౌవూ ఎంత తిట్టినా కోపగించుకోకూడదు, తౌవూ చెయ్యి వేసిన వస్తువు ఇవ్వననకూడదు.

రేవులోనే మొదలుపెట్టాడు మనాసా. "ఏరా గబ్బిలం మొహమోడా! ఇంకా చావలేదా? నీ చావుకూటికి పందిని కూడా చూసిపెట్టుకున్నానే!"

"ఆ పంది నీకు అక్క వరసరా దొంగపీనుగా!" అన్నాడు సకియుసా దగ్గుల మధ్యనే.

జనం పగలబడి నవ్వారు. సాగనంపడానికి వచ్చిన కొత్త దొర మాత్రం బిక్కమొహం వేశాడు. మనాసా సకియుసాను ఎత్తుకెళ్ళి పడవలో పడుకోబెట్టాడు. మళ్ళీ దిగివచ్చి విలిమైనా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇది నాకు నచ్చింది. తీసుకుపోతున్నా."

దొర అడ్డం వచ్చాడు. "గుమాస్తా భార్యకు అనుమతి లేదు."

"ఇప్పుడు గుమాస్తా భార్య కాదండీ, నా సొత్తు. కెప్టెన్ సొంత సామానుకు పడవలో చోటుంది కదండీ."

దొర సకియుసా వైపు తిరిగాడు. "నిజమేనా?"

పుట్టి బుద్ధెరిగాక ఒక్క తప్పుడు మాట రాయని మనిషి. ఇప్పుడూ అబద్ధమాడే అవసరం రాలేదు.

"నిజమేనండీ. తౌవూ పట్టుకున్నదాన్ని వదలమనే హక్కు నాకు లేదు."

దొర టోపీ సర్దుకుని సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. మంచివాడే, పాపం.

దారి పొడవునా మనాసా తిడుతూనే ఉన్నాడు, సకియుసా బదులిస్తూనే ఉన్నాడు. భార్య పక్కన ఉండడంతో అతను నాలుగు ముద్దలు ఎక్కువే తిన్నాడు. సువాలో ఆసుపత్రి వాళ్ళు మోసుకెళ్ళే మంచంతో వచ్చారు. అప్పుడు మనాసా టోపీ తీసి, పెద్దల ముందు కూర్చున్నట్టు నేలమీద కూర్చున్నాడు.

"వెళ్ళి రండయ్యా," అన్నాడు మెల్లగా.

"అయ్యా ఏంట్రా, గియ్యా ఏంట్రా? తిట్టరా!"

మనాసా తల ఎత్తలేదు. మంచం కదిలింది. సకియుసా విలిమైనా చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"వాడు నన్ను తిట్టలేదే."

"తెలుసండీ," అంది విలిమైనా. "లకెంబాలోనే డాక్టరు ఆయనకు చెప్పాడు, ఇక తిరిగి రావడం ఉండదని. అందుకే నన్ను ఎత్తుకొచ్చాడు."