టైముకి ముందే వెళ్ళిన బండి

శ్రావణ మాసం, రెండో శుక్రవారం. ఆ రోజు మొదటి ఆశ్చర్యం బస్సు. స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టు దిగినవాళ్ళను తెచ్చే బస్సు మా క్వార్టర్ల ముందు రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోవడం మామూలు. ఆ పొద్దున అది కదల్లేదు. వాకిట్లో ముగ్గు వేస్తున్న పెద్దమ్మ తలెత్తి చూసింది. డ్రైవరు దిగి వచ్చి, తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"నిద్దరోతన్నాడనుకున్నామమ్మా," అన్నాడు.

మా పెదనాన్న బస్సులోనే, కిటికీ సీట్లో కూర్చునే పోయారు. గుండె ఆగిందన్నారు డాక్టరు. పక్కవాళ్ళు గమనించకపోవడానికి కారణం ఉంది. స్టాపు వచ్చే ముందు నిద్ర నటించడం ఆయనకి ఎన్నాళ్ళుగానో ఉన్న వేషం. నలుగురూ కుదిపి, చంకల కింద చేతులు వేసి ఎత్తబోతే చటుక్కున కళ్ళు తెరిచి, "ఏటి, అప్పుడే నన్ను మోసుకెల్లిపోతారేటి? ఇంకా టైముంది బావా!" అనేవారట. బస్సంతా నవ్వేదట. ఆ శుక్రవారం కూడా వాళ్ళు "లే బావా, సాల్లే నీ యేసాలు" అని నవ్వుతూనే కుదిపారు.

ఈ సంగతి చెప్పకూడదట.

రేపు పదింటికి కాలనీ హాల్లో సంతాప సభ. డిగ్రీలో తెలుగు చదువుతున్నాను కదా అని, మాట్లాడేది రాసి తెమ్మని సభ జరిపిస్తున్న కాలనీ పెద్దాయనే నన్ను అడిగారు. రాసి ఇస్తే ఎర్ర పెన్నుతో రెండు చోట్ల కొట్టేశారు. "బస్సు గొడవా, టీవీ సీరియల్ గొడవా తీసెయ్యమ్మా. సంతాప సభలో జనం నవ్వితే ఏం బాగుంటుంది?" అన్నారు. వాటి బదులు 'మృదుభాషి' అని చేర్చమన్నారు. కొత్త మాట దొరికితే రోజంతా నోట్లో చప్పరించే మనిషిని నేను. ఈ మాట మాత్రం చేదుగా తగిలింది. మా పెదనాన్న టీవీ ముందు వేసే కేకకి వెనక వరస క్వార్టర్లలో కుక్కలు లేచేవి. ఆయనా మృదుభాషి?

అందుకే ఆ రెండు సంగతులూ మన కాలేజీ పత్రికలో మీకు చెబుతున్నాను.

ఆయన ప్రాణం పెట్టిన సీరియల్ ఒకటి సాయంత్రం పూట వచ్చేది. ఒకింటి పెద్దకొడుక్కి ఎవరో విషం పెట్టారు. పెట్టింది ఇంట్లోవాళ్ళే. ఎవరన్నది కథ. ఆ ఇంటి మేడ మీద రిటైరైన స్టేషన్ మాస్టర్ ఒకడు అద్దెకుంటాడు. గడప తొక్కిన ప్రతివాడికీ గడియారం చూసి, ఎంత ఆలస్యమైందో చెప్పడం అతని అలవాటు. ఆ పెద్దకొడుకు పాడె లేచే వేళ కూడా గడియారం చూశాడు. దాన్ని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "నా సర్వీసులో టైముకి ముందే వెళ్ళిపోయిన బండి ఇదొక్కటే," అన్నాడు. పెదనాన్న పగలబడి నవ్వి, వెంటనే భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నారు.

బి షిఫ్టు వారాల్లో సీరియల్ వేళకి ఆయన డ్యూటీలో ఉండేవారు. మర్నాడు టీ తాగుతూ నాచేత కథ చెప్పించుకునేవారు. నేను తల్లి ఏడుపూ కోడలి ఏడుపూ వరసగా అప్పజెప్పేదాన్ని.

"ఏడుపులు సెప్పీసావు. ముసిలోడు ఏటన్నాడే గుంటా?"

"అంత ఏడుస్తుంటే జోకులేంటి పెదనాన్నా?"

"సావింట్లో కూడా టీ ఎవులు పెట్టాలని తగువులాడుకుంతారే. అది సూపించనోడు సావింటికి ఎప్పుడూ ఎల్లనేదన్నమాట."

ఆ తర్వాత సీరియల్ వాళ్ళు ఆ ముసలాయన్ని కాశీకి పంపేశారు. మళ్ళీ తీసుకురాలేదు. ఇక రోజూ ఉరుములు, ఒక్కో మొహం మీద మూడేసి మెరుపులు. దాని తర్వాత వచ్చిన మరో సీరియల్లో నవ్వుంది గానీ, పనివాడు జారిపడటం, 'టుయ్' మని చప్పుడు, అంతే. పెదనాన్నకి అది మరీ ఒళ్ళుమంట. "హాల్లో ఏడుపు, వంటింట్లో నవ్వు, మజ్జిలో తలుపేసీసినారు. ఏ ఇంట్లో ఉంతాదే అలాగ?" అని టీవీ కట్టేసేవారు. నిజమే. కష్టం లోపలి నుంచి పుట్టని నవ్వు అతికించినట్టే ఉంటుంది. నవ్వు ఊసే లేని కష్టాన్ని రెండో రోజుకే నమ్మడం మానేస్తాం. ఇంత తేలిక సంగతి సీరియల్ తీసేవాళ్ళకీ పట్టదు, సంతాప సభలు పెట్టేవాళ్ళకీ పట్టదు. పెదనాన్నని కూడా కాశీకి పంపేద్దామని చూస్తున్నారు.

శుక్రవారం నుంచి నిన్నటి దాకా పెద్దమ్మ ఏడవలేదు. వచ్చినవాళ్ళకి తలాడించడం, మళ్ళీ గోడకేసి చూడటం. నిన్న సాయంత్రం ఆమె పక్కన కూర్చుని, గీతలు కొట్టిన కాగితాలే చదివాను. 'మోసుకెల్లిపోతారేటి' దగ్గర ఫక్కుమని నవ్వేసింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయ్యిందో నాకు తెలియలేదు. చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు చీది, "మృదుభాసేటే? ఆడెవుడో నానెరగను. నాను మనువాడినోడు కాడు," అంది. "ఉన్నోడ్ని ఉన్నట్టు సదువు."

నైట్ షిఫ్టువాళ్ళు పదింటి సభకి రాలేరు, ఆ వేళకి నిద్రపోతుంటారు. డ్రైవరు ఆ సంగతే చెబుతూ, "మాకు సదవవేటమ్మా? కాసేపు బండి ఆపుతాను," అన్నాడు. హాల్లోనూ ఈ కాగితాలే చదువుతాను, పెద్దాయన ఆపితే ఆపనీ. ముందు మాత్రం బస్సు. రేపు పొద్దున హారన్ రెండుసార్లు మోగగానే ఎక్కుతాను. కిటికీ సీట్లో ఎవరూ కూర్చోకుండా తువ్వాలు పరిచి ఉంచుతామన్నారు. దాని పక్కన నిలబడి, మొదట గడియారం చూసుకుని, చదవడం మొదలుపెడతాను.