ఆదెయ్య గడ్డం పంచాయితీ

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, రాచర్లలో గొర్రెలు కాసుకునే ఆదెయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికే నలభై దాటినవాడు, భార్య పోయి చాన్నాళ్లయినవాడు. అడవి అంచున మందతో తిరిగే మనిషికి మంగలి ముందు కూర్చునే తీరిక లేక గడ్డం రొమ్ము మీదికి దిగింది. నెత్తిన ఎర్ర తలపాగా సరేసరి.

ఆ ఏడు కోతలయ్యాక గిద్దలూరులో భర్త పోయిన గురమ్మతో అతనికి పెళ్లి కుదిరింది. ఆమెదీ అదే విశ్వాసం. చిక్కల్లా గడ్డం దగ్గర వచ్చింది. బైబిల్లోని మోషే ధర్మం ప్రకారం గడ్డానికి కత్తి తగలరాదని సంఘపెద్ద శ్రీరాములు పట్టుబట్టాడు. గడ్డాలు పెంచేది సన్న్యాసులూ మొక్కుకున్నవాళ్లూనని, విశ్వాసి నున్నగా ఉండాలని మిగతావాళ్లు వాదించారు. ఉంచితే ఒకరికి కోపం, తీస్తే ఇంకొకరికి. దేవుడు ఎవరి వైపున్నాడో ఆదెయ్యకు తెలియలేదు.

మందను పొరుగువాడికి అప్పజెప్పి పాస్టరు కరుణాకరం ఇంటికి పోయాడు. ఆయన అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. గడ్డం గురించిన ఆ నియమం యూదులకు ఇచ్చిందనీ, బయటి జనంలోంచి వచ్చిన విశ్వాసుల మెడకు ఆ కాడి కట్టవద్దని తొలినాటి పెద్దలే తీర్మానించారనీ విడమరిచి చెప్పాడు. ప్రార్థనప్పుడు మగవాళ్లు తలపాగా తీస్తారు, ఆడవాళ్లు కొంగు కప్పుకుంటారు, తమ సంఘం పాటించేది అంతవరకే అన్నాడు.

"మరి గడ్డం సంగతేంది, అయ్యగారూ?"

"అది నీ ఇష్టం ఆదెయ్యా. నీదీ, నువ్వు కట్టుకోబోయే మనిషిదీ."

గుండెల మీది బరువు దిగి, ఆదెయ్య నేరుగా గిద్దలూరు బాట పట్టాడు. గురమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. సిగ్గుపడుతూ, తడబడుతూ సంగతంతా ఆమెకు చెప్పాడు. ఆమె చేట పక్కన పెట్టి అతని వైపు తిరిగింది.

"నేను నీ మొగం సరిగ్గా చూసిందే లేదు. ఒక్కసారి చూపిచ్చు. బాగలేకుంటే మళ్ల పెంచుకుందువులే."

పెళ్లినాడు ఆదెయ్య గీయించుకుని వచ్చి మందిరం గడపలో తలపాగా విప్పాడు. నుదురూ దవడలూ తెల్లగా, నడుమ ముక్కూ బుగ్గలూ ఎండకు మాడి నల్లగా ఉన్నాయి. పెళ్లికొడుకు ఇంకా రాలేదేమని శ్రీరాములు అతణ్ణే అడిగాడు. మందిరమంతా గొల్లున నవ్వింది. విషయం తెలిసి శ్రీరాములూ కడుపు పట్టుకుని నవ్వి, అతని చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకుపోయాడు.

ప్రార్థన మధ్యలో గురమ్మ కొంగు చాటునుంచి ఓరగా చూసింది. ఆదెయ్య కనిపెట్టి, ఎట్లుందని గొణిగాడు.

"అయ్యగారు ఆమెన్ అన్నాక చెప్తా," అన్నది.

చెప్పింది. అప్పట్నుంచి ఆదెయ్య సంతకు పోయిన ప్రతిసారీ మంగలి ముందు కూర్చున్నాకే ఇల్లు చేరేవాడు.