సగం జీతానికి కుదిర్చిన కొలువు

అనంతపురం బజారులో నాకన్నా గొప్ప నష్టపు బేరం చేసిన మొనగాడు లేడు. అదీ నా సరుకు కాదు, నా స్నేహితుడి ఉద్యోగం. చేతికొచ్చిన బేరాన్ని నోరు తెరిచి పాడు చేయాలంటే మామూలు తెలివి చాలదు.

మాది గుడ్డల అంగడి. పొద్దున్నే వచ్చిన మొదటి గిరాకీని నాయన ఉత్త చేతులతో పంపేవాడు కాదు. లాభం వదులుకునైనా బోణీ చేసేవాడు. ఆ తెలివితోనే పందొమ్మిది వందల అరవైల్లో నేను సర్కారు ఆఫీసు మెట్లెక్కాను.

స్నేహితుడిది గోరంట్ల. చిన్నప్పుడే అమ్మవారు పోసి చూపు పోయింది. అంధుల బడిలో చదువుకుని, పేముతో కుర్చీలు అల్లడం నేర్చుకుని వచ్చాడు. ఒక ఆఫీసులో ఆ పనికి మనిషి కావాలంటే తోడుగా వెళ్లాను.

ఆఫీసరు అతన్ని చూసి నన్నడిగాడు. "కండ్లు లేనోడు యాడ అల్లుతాడప్పా?"

"సారూ, రోంత లేస్తారా?" అన్నాడు నా స్నేహితుడు. ఆయన లేచాక కుర్చీ మీద చెయ్యి తిప్పాడు. "ఎడమపక్క మూడు పేములు తెగినాయి. ఇట్లే కూర్చుంటే నెల్లోపల కిందికి దిగుతారు."

గుమాస్తా పకపకా నవ్వాడు. ఆఫీసరూ నవ్వి, రేపట్నించి రమ్మనబోతున్నాడు. నేను ఆగితేనా! "సార్, అనుమానముంటే సగం జీతానికే పెట్టుకోండి" అన్నాను. గుమాస్తా ఆ మాటను అక్షరం పోకుండా రాసుకున్నాడు. హామీగా నేను సంతకం చేశాను.

బయటికొచ్చాక నా స్నేహితుడు ఆగాడు.

"ఏమప్పా శెట్టీ, నా రెండు చేతుల్లో ఏ చెయ్యి అమ్మినావు?"

"బోణీరా! ముందు లోపల కాలు పెట్టు. నీ పని చూస్తే తర్వాత వాళ్లే పెంచుతారు."

"నేనేమన్నా రవికె గుడ్డనా? ఈ ఏడు గూడా వానల్లేవు, ఇంట్లో గింజల్లేవు. అందుకని ఈ పనికి పోతాండా."

జీతం పెరగలేదు. ఎప్పుడు అడిగినా గుమాస్తా నా సంతకం చూపించేవాడు. తర్వాత రాయదుర్గం నుంచి చూపులేని మరొకతను అదే పనికి వచ్చాడు. గుమాస్తా బేరం కూడా ఆడలేదు. "మీవాళ్ల రేటు ఇదే కదా" అన్నాడు. అంగడిలో బోణీ ధర ఆ ఒక్క గిరాకీకే. ఆఫీసులో అది అందరికీ అంటుకుంది.

నేను పదకొండు అర్జీలు పెట్టాక పైఆఫీసరు మమ్మల్ని పిలిచాడు. గుమ్మం దగ్గర నా స్నేహితుడు నా భుజం నొక్కాడు. "నువ్వు నోరు తెరవొద్దప్పా. నువ్వు మాట్లాడితే రేటు తగ్గుతాది."

లోపలికెళ్లి తనే చెప్పాడు. "సార్, చూపున్నోడు అల్లినన్ని కుర్చీలు నేనూ అల్లుతాండా. నావి సగం కుర్చీలా? కూర్చుని చూడండి. నాకు దయ వద్దు, జీతం కావల్ల."

ఆ నెల నుంచి ఇద్దరికీ పూర్తి జీతం ఇమ్మని ఉత్తర్వు వచ్చింది. వెనకటి నెలల సంగతి అడిగితే మళ్లీ నా సంతకమే అడ్డొచ్చింది. నేనిస్తానన్నాను. "నీ దుడ్లు నాకెందుకప్పా? పని చేయించుకున్నోళ్లు ఇయ్యాల" అన్నాడు.

వాళ్లు ఇవ్వలేదు. అతను పద్నాలుగు నెలలు, రాయదుర్గం అతను ఐదు నెలలు సగానికే పనిచేశారు. కలిపితే తొమ్మిదిన్నర నెలల జీతం వాళ్లిద్దరికీ పోయింది. నాకు పోయింది పదకొండు అర్జీల కాగితాలు, తపాలా ఖర్చు.