పిండి నీళ్లతో పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నైకి

మా అమ్మాయి లిఖితకు ఆరేళ్లు. నాలుగు గంటలకోసారి చన్నీళ్లలో కలిపిన కార్న్‌ఫ్లోర్, అంటే మొక్కజొన్న పిండి, తాగకపోతే దాని ఒంట్లో చక్కెర పడిపోతుంది. పుట్టుకతో వచ్చిన సమస్య. తిన్న అన్నంలోంచి కొంత దాచుకుని, ఆకలి వేళకు చక్కెరగా వదిలే పని దాని కాలేయానికి చేతకాదు. పచ్చి పిండి కడుపులో మెల్లగా అరుగుతుంది కాబట్టి ఆ లోటు తీరుస్తుంది. వేడినీళ్లలో కలిపితే ఉడికిపోతుంది, ఇక పనికిరాదు. ఇంట్లో మేం వాటిని పిండి నీళ్లు అంటాం. ఏడాదికోసారి చెన్నై తీసుకెళ్లి అక్కడి పెద్ద డాక్టరుకు చూపించాలి.

పోయినసారి వెళ్లినప్పుడు చేతిలో ఒక్క సీసా ఉంచుకుని, మిగతా పిండంతా పెద్ద పెట్టెలో పెట్టేశాం. విమానం ఆలస్యమైంది. చెన్నైలో దిగాక పెట్టె రావడం ఇంకా ఆలస్యమైంది. బెల్టు పక్కన నిలబడి ఉండగానే పిల్ల నుదురంతా చెమటలు పట్టాయి, మాట్లాడటం మానేసింది. మా ఆయన పరుగెత్తి ఎక్కడో గ్లూకోజ్ సంపాదించి తెచ్చారు. గండం గడిచింది గానీ, ఇకమీదట పిండి నా చేతి సంచిలోంచి కదలకూడదని ఆ రోజే అనుకున్నాను. ఈసారి మా ఆయన ఓడ డ్యూటీలో కార్ నికోబార్ దీవి వైపు వెళ్లారు. పిల్లతో నేనొక్కదాన్నే బయల్దేరాలి. సెక్యూరిటీ దగ్గర పొడులూ నీళ్లూ ఒప్పుకుంటారా అని విమానం వాళ్లకు రెండుసార్లు ఫోన్ చేశాను. ఒకరు పిల్లల ఆహారానికి అభ్యంతరం ఉండదన్నారు. ఇంకొకరు అక్కడి అధికారుల ఇష్టమన్నారు. ఇలాంటి పిల్లలున్నవాళ్లకు పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు రోజు సాయంత్రం వంటింటి కాటా మీద ముప్ఫై అయిదేసి గ్రాముల చొప్పున తూచి ఎనిమిది ప్లాస్టిక్ కవర్లలో పోశాను. ఎనిమిదింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి రబ్బరు బ్యాండు వేశాను. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. అదే నేను చేసిన మొదటి తప్పని మర్నాడు తెలిసింది. ఒక సీసాలో తాగడానికి కలిపి ఉంచిన పిండి నీళ్లు, రెండో సీసాలో ఉత్త చన్నీళ్లు, డాక్టరు రాసిచ్చిన ఉత్తరం, కవర్లు కత్తిరించడానికి చిన్న కత్తెర, అన్నీ ఒకే సంచిలో సర్దాను.

విమానం పదకొండుంపావుకు. పొద్దున అయిదున్నరకు ఒక మోతాదు పట్టించాను. తర్వాతది తొమ్మిదిన్నరకు. ఎనిమిదింపావుకల్లా డిగ్నాబాద్‌లో మా వీధి చివరికి టాక్సీ వచ్చింది. విమానాశ్రయానికి పావుగంట దారి, మూడు వందలు. డ్రైవరు అప్పారావుది మా ఊళ్లోనే బతు బస్తీ పేట. తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం.

"ఏటమ్మా, అంత బ్యాగ్ ఒళ్లో ఎట్టుకున్నావు? పీఛే డిక్కీలో ఎట్టేద్దునా?" అన్నాడు.

"వద్దన్నా, పాప తాగేవి ఉన్నాయి. ఒలికిపోతాయి."

"సెకింగ్ కాడ అడుగుతారు మరి. అడిగితే గాబరా పడకు. మొన్న ఓ దీదీ ఆవకాయ సీసా కోసం బహుత్ గొడవాడింది. ఆకరికి ఆవకాయ ఈడే ఉండిపోనాది, దీదీ ఎల్లిపోనాది."

లిఖిత పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సెక్యూరిటీ వరసలోకి వచ్చేసరికి తొమ్మిది దాటింది. మా సంచి యంత్రంలోకి వెళ్లి, సగంలో ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లింది. తర్వాత పక్క బల్ల మీదికి చేరింది. చేతులకు గ్లవుజులు తొడుక్కున్న ఒక కానిస్టేబులమ్మాయి జిప్ తెరిచి, రబ్బరు బ్యాండు కట్ట బయటికి తీసి పైకెత్తి చూసింది.

"దీదీ, యే క్యా హై?"

"కార్న్‌ఫ్లోర్. బేటీ కీ దవాయీ," అన్నాను కంగారులో.

మందైతే కవరు మీద పేరేది, ధరేది, మందుల షాపు బిల్లేది అని వరసగా అడిగింది. అడగడంలో కోపం లేదు, కానీ వదిలే ధోరణి కూడా లేదు. నేను డాక్టరు ఉత్తరం అందించాను. ఆమె రెండుసార్లు చదివి తలెత్తింది. నేను కార్న్‌ఫ్లోర్ అన్నాను, ఉత్తరంలో కార్న్ స్టార్చ్ అని ఉంది.

"స్టార్చ్? వో తో కపడోం మే లగాతే హై," అంది, ఇస్త్రీ మడత చెదరని తన చొక్కా చేతిని చూపిస్తూ. బట్టలకు పెట్టే గంజి పిల్లకెందుకు తాగిస్తున్నానని ఆమె అనుమానం. రెండూ ఒకటేనని చెప్పబోయాను. హిందీ మాట్లాడే ఊళ్లోనే పుట్టి పెరిగినదాన్ని, అయినా ఆ క్షణంలో ఒక్క మాట కూడా సరిగ్గా అందలేదు. ఆమె మా సామానంతా ఒక ట్రేలో పెట్టి, పై అధికారిని పిలవమని పక్క కానిస్టేబులుకు చెప్పింది. అప్పటికి తొమ్మిదీ ఇరవై ఎనిమిది. పిండి నీళ్ల సీసా నాకు మూరెడు దూరంలో ఉంది, కానీ ముట్టుకోకూడదు. పోయినసారి బెల్టు పక్కన చూసిన పిల్ల ముఖం గుర్తొచ్చింది.

తొమ్మిదిన్నర మోతాదుకు పెట్టిన అలారంతో లిఖిత చేతి గడియారం పీక్ పీక్ మంది. పిల్ల నా వైపు చూడలేదు. బల్ల అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేచి కానిస్టేబులమ్మాయినే అడిగింది.

"ఆంటీ, వో మేరా ఖానా హై. అభీ పీనా హై."

అది నా భోజనం, ఇప్పుడే తాగాలి అని. అంతే. మందూ జబ్బూ ఊసే ఎత్తలేదు. సరిగ్గా అప్పుడే పై అధికారి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, జుట్టు నెరిసింది. ఉత్తరం చదివాడు, గడియారం చూశాడు, సీసా నా చేతికిచ్చాడు. ముందు నన్నొక గుక్క తాగమన్నాడు. తాగాను. సుద్ద కలిపిన నీళ్లలా ఉంటాయవి. "అబ్ బచ్చీ కో పిలాయియే, చెకింగ్ బాద్ మే," అన్నాడు, ముందు పాపకు పట్టించండి, తనిఖీ తర్వాత చూద్దామని.

లిఖిత సీసాను గట్టిగా కుదిపి, కళ్లు మూసుకుని, గటగటా తాగేసింది. పై పెదవి మీద తెల్ల గీత. వరసలో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు.

తర్వాత ఒక సన్నని పట్టీతో ప్రతి కవరునూ తుడిచి ఇంకో యంత్రంలో పెట్టి చూశారు. పేలుడు పదార్థాల జాడేమీ రాలేదు. ఆ రెండు నిమిషాల్లో అధికారి లిఖితను అడుగుతూనే ఉన్నాడు. పాలల్లో కలుపుకోవచ్చు కదా? పాలు పడవంది. మరి వేడినీళ్లలో?

"గరమ్ కరేంగే తో హల్వా బన్ జాయేగా, అంకుల్."

వేడి చేస్తే హల్వా అయిపోతుందన్న మాటకు ఆయన నవ్వాడు. నాకూ అడగాలనిపించింది, ఎక్స్‌రేలో మా సంచి ఎలా కనబడిందని. చెప్పాడు. యంత్రానికి పిండి, సబ్బు, పేలుడు పదార్థం దాదాపు ఒకే రంగులో కనిపిస్తాయట. ఎనిమిది కవర్లు బిగించి కట్టేసరికి తెర మీద ఒక మందపాటి దిమ్మలా వచ్చిందట. విడివిడిగా పరిచి ఉంటే ఇంత సేపు ఆపేవాళ్లం కాదన్నాడు. కొనుక్కొచ్చిన అసలు ప్యాకెట్ ఒకటి పక్కన ఉన్నా సరిపోయేదట. చివరికి పిండంతా మాతోనే వచ్చింది. కత్తెర మాత్రం అక్కడే ఉండిపోయింది.

వాన వల్ల విమానం గంటంపావు ఆలస్యమై పన్నెండున్నరకు లేచింది. ఒంటిగంటన్నర మోతాదు గాల్లో పడింది. కవరు మూల పళ్లతో చించి, చన్నీళ్లలో పోసి కుదిపాను. పక్క సీటు పెద్దాయన అదేమిటని అడిగితే, కిటికీలోంచి చూపు తిప్పకుండానే లిఖిత సమాధానం చెప్పింది. మూడింటికి చెన్నైలో బెల్టు దగ్గర పిల్ల వేలు గుచ్చి చక్కెర చూశాను. ఉండాల్సినంత ఉంది.

ఆరేళ్లుగా పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో పిల్లను పక్క గదిలోకి తీసుకెళ్లి ఈ నీళ్లు పట్టించేదాన్ని. ఎవరైనా అడిగితే బలానికని దాటేసేదాన్ని. జాలి పడతారని, లేదా మా వంశంలో ఎవరికి ఉందని ఆరా తీస్తారని భయం. ఆ రోజు అంతమంది ముందు, దాచే దారి లేని చోట, పిల్లే నోరు తెరిచి చెప్పింది. ఎవరూ జాలి పడలేదు. తెలుసుకోవాలనుకుని అడిగారు, తెలిశాక దారిచ్చారు. అది మామూలుగా చెప్పగలిగిన మాట నేను ఎందుకు చెప్పలేకపోయానో చెన్నైలో ఉన్న మూడు రోజులూ ఆలోచించాను. దిగిన మర్నాడే ఆసుపత్రి క్యాంటీన్‌లో, నిండిన బల్లల మధ్య కూర్చునే పిండి నీళ్లు కలిపాను.

వెళ్లబోయేవాళ్లకు ఒక్క సలహా: పిల్లల పొడులూ పానీయాలూ సంచిలోంచి ముందే తీసి, సీలు విప్పని అసలు ప్యాకెట్‌తో, డాక్టరు ఉత్తరంతో కలిపి వేరే ట్రేలో విడివిడిగా పరచండి. ఉత్తరంలో ఏ పేరుందో కవర్ల మీద అదే పేరు రాయండి. తర్వాతి మోతాదుకు కనీసం గంట ముందే ఆ వరసలో నిలబడండి.